ముడి ఆమెది, ముద్ర మరొకరిది

మహిళలకు మిగిలిన ఒకే ఒక పెద్ద ఉపాధి: ఆఫ్ఘన్ తివాచీల నేత

ఆఫ్ఘనిస్థాన్‌లో పాలకులు అడ్డు చెప్పకుండా మహిళలకు వదిలిపెట్టిన పనులు వేళ్లపై లెక్కపెట్టదగినన్ని మాత్రమే. వాటిలో పెద్దది తివాచీల నేత. 2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌ను తిరిగి వశపరచుకున్న తరువాత ఆరో తరగతి దాటిన బాలికలకు పాఠశాలలు తెరుచుకోలేదు. 2022 డిసెంబరు 20న విశ్వవిద్యాలయాలలో ప్రవేశం, మరి నాలుగు రోజులకే స్వచ్ఛంద సంస్థలలో ఉద్యోగం నిషిద్ధమయ్యాయి. 2023 జూలైలో బ్యూటీ పార్లర్లను మూయించారు. ఆ ఒక్క ఉత్తర్వుతో సుమారు 60 వేల మంది ఉపాధి కోల్పోయినట్లు అప్పట్లో వార్తాసంస్థలు పేర్కొన్నాయి. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని శిక్షణలకు కూడా స్వస్తి పలికారు. ఉత్తర్వు వెలువడిన ప్రతిసారీ మగ్గం ముందు కూర్చునేవారు పెరుగుతూ వచ్చారు. కాలేజీ చదువులు మధ్యలో ఆగిపోయిన యువతులు కాబూల్, హెరాత్ నగరాలలోని నేత కేంద్రాలలో ముడులు వేయడం నేర్చుకుంటున్నట్లు విదేశీ వార్తాసంస్థల కథనాలు తెలియజేశాయి.

ఈ పరిశ్రమపై ఆధారపడి జీవిస్తున్నవారు 12 లక్షల నుంచి 15 లక్షల వరకు ఉంటారనీ, పనిచేసేవారిలో దాదాపు 90 శాతం మహిళలేననీ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అంచనా వేసింది. 2024 సంవత్సరం తొలి ఆరు నెలలలో 24 లక్షల కిలోల తివాచీలు ఎగుమతి కాగా, వాటి విలువ 87 లక్షల డాలర్లని తాలిబాన్ ఆర్థిక శాఖ ప్రకటించింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే కిలోకు నాలుగు డాలర్లు కూడా రావడం లేదని తేలుతుంది. ప్రపంచమంతటా పేరున్న సరుకు ఇంత చౌకగా దేశం దాటుతున్నదంటే దాని అసలు ధర మరెక్కడో తయారవుతున్నదన్నమాట.

పన్నెండు లక్షల ముడులు

తివాచీ నేత మన చీరల నేత వంటిది కాదు. మగ్గంపై పడుగు సాగదీసి కట్టిన తరువాత రెండేసి పడుగు దారాల చుట్టూ రంగు ఊలు పోగును చుట్టి, ముడి వేసి, చిన్న కత్తితో కోస్తారు. వరుస పూర్తి కాగానే పేక దారాన్ని నడిపించి, ఇనుప దువ్వెన వంటి పనిముట్టుతో బిగువుగా కొడతారు. మళ్లీ ముడులు మొదలు. పైకి కనిపించే మెత్తని ఊలు అంతా ఆ కోసిన ముడుల కొసలే. సంచార జాతుల మగ్గం నేలకు సమాంతరంగా మేకులతో బిగించి ఉంటుంది. గుడారం ఎత్తేటప్పుడు నేతతోసహా చుట్టి పశువులపై వేసుకుంటారు. పట్టణాలలోనిది నిలువు మగ్గం.

సామాన్య నాణ్యతగల తివాచీలో చదరపు మీటరుకు రెండు లక్షల ముడులుంటాయనుకుంటే, రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవుగల తివాచీకి పన్నెండు లక్షల ముడులు వేయాలి. చేయి తిరిగిన నేతగత్తె రోజుకు ఎనిమిది వేలు వేసినా నూట యాభై రోజులు పడుతుంది. కాబూల్‌లోని ఒక సంస్థ చదరపు మీటరుకు 27 డాలర్లు కూలి ఇస్తున్నట్లు 2025లో వార్తలు వెలువడ్డాయి. ఆ లెక్కన అయిదు నెలల శ్రమకు దక్కేది 162 డాలర్లు, అంటే రోజుకు ఒక డాలరు పైచిల్లర. పాశ్చాత్య దేశాల దుకాణాలలో అదే సరుకు చదరపు మీటరు వందల డాలర్లు పలుకుతుంది.

కూలి ఇంత తక్కువగా ఉండడానికి కారణం మన చేనేత గ్రామాలవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఊలు, రంగు, నమూనా కాగితం, ఒక్కొక్కసారి మగ్గం కూడా వ్యాపారివే. చేతులు మాత్రమే ఆమెవి. ఇక్కడ మాస్టర్ వీవర్ అంటారు, అక్కడ మరొక పేరు. నేసి దింపిన తరువాత కొలిచి డబ్బు లెక్కగడతారు. గ్రామాలలో వ్యాపారితో మాట్లాడేది, డబ్బు పుచ్చుకునేది చాలావరకు ఇంటి పురుషుడే.

ఉత్తర ఆఫ్ఘనిస్థాన్‌లోని తుర్క్‌మెన్ కుటుంబాలలో బాలిక ఏడెనిమిదేళ్లకే తల్లి పక్కన కూర్చుని ముడి నేర్చుకుంటుంది. బాగా నేసే పిల్లకు కన్యాశుల్కం ఎక్కువ. సంపాదించే చేతులను వదులుకోలేక పెళ్లి వాయిదా వేసే తండ్రులూ ఉంటారు. ఊలు ధూళి ఊపిరితిత్తులలో చేరుతుంది, నడుము వంగుతుంది, చీకటి గదులలో చూపు మందగిస్తుంది. ఇంతకంటే దారుణమైన సంగతి మరొకటి ఉన్నది. బాల్ఖ్ వంటి ఉత్తర రాష్ట్రాలలో తల్లులు మగ్గం వదిలి లేవనవసరం లేకుండా పసిపిల్లలకు కొద్దిగా నల్లమందు పెట్టి నిద్రపుచ్చే అలవాటు ఉన్నట్లు ఆరోగ్య కార్యకర్తలు, విలేఖరులు అనేకసార్లు నమోదు చేశారు. తల్లి వేసే ముడికీ, బిడ్డ నిద్రకూ మధ్య ఇటువంటి లంకె ఏర్పడిన పరిశ్రమ లోకంలో మరొకటి అరుదు.

పేరెవరిది?

తివాచీల వ్యాపారంలో పేర్ల చరిత్ర చూస్తే విచిత్రంగా ఉంటుంది. ముదురు ఎరుపు నేలపై అష్టకోణాకారపు ‘గుల్’ వరుసలుగా పరచుకున్న తుర్క్‌మెన్ తివాచీని చాలాకాలం ప్రపంచం ‘బుఖారా’ అని పిలిచింది. బుఖారాలో అమ్మేవారే గాని నేసేవారు అక్కడివారు కారు. అవి ఎర్సారి, తెక్కె, యోముత్, సారిక్ తదితర తెగల స్త్రీలు నేసినవి. పెద్ద గుల్‌ను వర్తకులు ‘ఫీల్‌పాయ్’, అంటే ఏనుగు పాదం అంటారు. మంచి ముదురు ఎరుపు రకానికి ‘ఖాల్ మొహమ్మదీ’ అని పేరు. ఒక తుర్క్‌మెన్ నిపుణుని పేరు మీదుగా వచ్చిందని చెబుతారు. బజారు పేర్లలో స్త్రీ ప్రసక్తి కనిపించేది ఒక్క బలూచీ నమాజు తివాచీ విషయంలోనే. దానిని ‘దొఖ్తర్-ఎ-ఖాజీ’ అంటారు. ఖాజీ కుమార్తె అని అర్థం. అక్కడ కూడా తండ్రి హోదాయే నిలిచింది గాని ఆమె పేరు నిలవలేదు.

ఆ ఎరుపు రంగు సంగతి తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. అది మంజిష్ఠ జాతి మొక్క వేరునుంచి తీసేది. మచిలీపట్నం కలంకారీకి వాడిన చిరివేరు కూడా అదే వృక్ష కుటుంబానికి చెందినది. రెండింటిలోనూ ఎరుపునిచ్చే పదార్థం ఒకటే. నేలతల్లి ఇచ్చిన రంగు అటు ఊలుకూ ఇటు నూలుకూ ఎక్కింది.

వాట్‌గంజ్ చెప్పే పాఠం

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని వాట్‌గంజ్ అనే పేట ఉన్నది. 18వ శతాబ్దం చివర అక్కడ ఓడల రేవు నిర్మించ తలపెట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. ఖిదిర్‌పూర్ డాక్ ప్రారంభమైనది 1892లో. రవీంద్రనాథ్ టాగూర్ ‘కాబూలీవాలా’ కథ వెలువడినది కూడా ఆ ఏడాదే. ఆఫ్ఘన్ అనగానే మన దేశంలో చాలామందికి గుర్తుకు వచ్చేది కలకత్తా వీధులలో ఎండుద్రాక్ష, బాదం అమ్ముతూ, అప్పులిస్తూ తిరిగిన ఆ పురుషుడే. అతని వెనుక స్వదేశంలో ఉండిపోయిన ఆడవారు ఏ పని చేస్తూ ఇల్లు నడిపారో ఎవరూ అడగలేదు. కథలోని రహమత్ మాత్రం తన కూతురి అరచేతి ముద్రను కాగితంపై వేయించుకుని, దానిని దగ్గర పెట్టుకుని తిరిగాడు.

వాట్‌గంజ్‌ను ఇక్కడ ప్రస్తావించడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. సముద్రం లేని నేపాల్‌కు కోల్‌కతా రేవు ప్రధాన ద్వారం. 1959 తరువాత టిబెట్‌నుంచి వచ్చిన శరణార్థులతో కాఠ్మండు లోయలో తివాచీల నేత పెద్ద పరిశ్రమగా ఎదిగింది. జర్మనీ దానికి ముఖ్య విపణి అయింది. విమానాలలో పోయినవి పోగా, సముద్రంపై పోయే సరుకుకు భారత్‌తో కుదిరిన రవాణా ఒప్పందం కింద ఈ రేవే దారి. సరుకు పరాయి దేశపు రేవు దాటినా ‘నేపాల్ తయారీ’ అన్న ముద్ర చెదరలేదు.

ఆఫ్ఘనిస్థాన్‌కు కూడా సముద్రం లేదు. పాకిస్థాన్‌తో 1965లో ఒక రవాణా ఒప్పందం, 2010లో మరొకటి కుదిరాయి. కానీ ఆఫ్ఘన్ తివాచీలలో అధిక భాగం పెషావర్, లాహోర్ నగరాలు చేరి, అక్కడ కడిగి, కత్తిరించి, అంచులు సరిచేసిన తరువాత పాకిస్థాన్ సరుకుగా కరాచీ రేవులో ఓడ ఎక్కేవి. మగ్గంనుంచి దింపిన తివాచీ అప్పటికి సగం సరుకు మాత్రమే. దానిని కడిగి మెరుగుపెట్టే చోటే లాభం, ముద్ర కూడా. ఒప్పందం కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదనీ, కడిగే కర్మాగారం సొంత గడ్డపై ఉండాలనీ ఆఫ్ఘన్ వర్తకులు గ్రహించేసరికి రెండు తరాలు గడిచాయి.

యుద్ధం నేసిన నమూనాలు

1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించిన తరువాత లక్షలాది మంది పాకిస్థాన్, ఇరాన్‌లకు తరలిపోయారు. మగ్గాలు కూడా వారితో వెళ్లాయి. పెషావర్ శరణార్థి శిబిరాలు తివాచీల కేంద్రాలుగా మారాయి. 1987లో అమెరికా ఇరాన్ సరుకుల దిగుమతిని నిషేధించడంతో ఇరాన్ తివాచీకి ప్రత్యామ్నాయం వెదుకుతున్న వర్తకుల దృష్టి అటు మళ్లింది. లేత వన్నెల ‘చోబీ’ రకం 1990 దశకంలో ఆ శరణార్థుల చేతులలోనే రూపుదిద్దుకున్నది. 2002 తరువాత శరణార్థులు తిరుగుముఖం పట్టగానే పాకిస్థాన్ తివాచీల ఎగుమతులు క్షీణించడం గమనార్హం. పరిశ్రమ ఎవరి వేళ్లపై నిలిచినదో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ రోజులలోనే ‘యుద్ధ తివాచీలు’ పుట్టాయి. పూలు, కూజాలు, పక్షులు ఉండవలసిన చోట ట్యాంకులు, హెలికాప్టర్లు, కలాష్నికోవ్ తుపాకులు వచ్చి చేరాయి. నేతగత్తె తాను చూసినదే నేసిందని కొందరు పరిశోధకులు, కొనేవారి అభిరుచికి వర్తకులు నేయించారని మరికొందరు అంటారు. రెండూ కొంత నిజమే కావచ్చు. మొదటి తరం తివాచీలలో తుపాకీ సంప్రదాయ నమూనాలో దాక్కుని, వెదికితేగాని కనిపించదు. 2001 తరువాత వచ్చినవాటిలో న్యూయార్క్ జంట భవనాలు, ఇంగ్లీషు అక్షరాలు బాహాటంగా కనిపిస్తాయి. వీటిని పాశ్చాత్య సేకర్తలు మంచి ధరకు కొన్నారు, మ్యూజియంలు ప్రదర్శించాయి. నేసినవారి పేరు మాత్రం ఏ కొద్ది చోట్లనో తప్ప లేదు.

1996-2001 మధ్య తాలిబాన్ల మొదటి పాలనలో కూడా స్త్రీలు బయట పనిచేయరాదన్న ఆంక్ష ఉండేది. ఇంట్లో మగ్గం ఆగలేదు. బయటకు కనిపించని పనిగనుక దానికి అభ్యంతరం రాలేదు. ఇప్పటి స్థితి కూడా ఇంచుమించు అదే. తేడా ఏమిటంటే, మధ్యలో ఇరవై ఏళ్లు ఒక తరం బాలికలు బడికి వెళ్లారు.

ఆ ఇరవై ఏళ్లలో జరిగిన ప్రయత్నాలు తీసివేయదగినవి కావు. గోల్డ్‌మన్ శాక్స్ మాజీ భాగస్వామి కానీ డక్‌వర్త్ 2004లో చికాగో కేంద్రంగా ‘ఆర్జు’ సంస్థను నెలకొల్పి, బామియాన్ తదితర ప్రాంతాల స్త్రీలతో తివాచీలు నేయించారు. పిల్లలను బడికి పంపాలి, ఇంట్లో ఆడవారు అక్షరాలు నేర్చుకోవాలి అన్నది అక్కడ పని ఇవ్వడానికి షరతు. 2006లో బ్రిటిష్ యువరాజు చార్లెస్ (ఇప్పటి రాజు), ఆఫ్ఘన్ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్‌ల చొరవతో ఏర్పడిన ‘టర్కాయిస్ మౌంటెన్’ సంస్థ కాబూల్ పాతబస్తీలోని మురాద్ ఖానీని పునరుద్ధరించి, హస్తకళలకు విదేశీ కొనుగోలుదారులను వెదికిపెట్టింది. మన దేశానికి చెందిన ‘సేవా’ సంస్థ కూడా భారత ప్రభుత్వ సాయంతో కాబూల్ స్త్రీలకు వృత్తి శిక్షణ ఇచ్చింది. అన్నింటిలోనూ ఉన్న సూత్రం ఒకటే. మగ్గం బడికి దారి కావాలి. 2021 తరువాత ఆ వరుస తిరగబడింది. బడి మూసుకుపోయి, అక్కడినుంచి మగ్గానికి దారి పడింది.

ఏలూరు, ఓరుగల్లు ఉదాహరణలు

కూలి బేరమాడలేని చేతులతో నేయిస్తే కళకు ఏమవుతుందో మన చరిత్రలోనే ఒక నిదర్శనం ఉన్నది. పర్షియానుంచి వలసవచ్చిన కుటుంబాలవల్ల వచ్చిందని చెప్పుకునే ఊలు తివాచీల నేత ఏలూరులో తరతరాలుగా సాగింది. ఓరుగల్లు తివాచీలు 1851 లండన్ ప్రదర్శనలో చూపరులను ఆకట్టుకున్నాయి. ఆ తరువాత బ్రిటిష్ ప్రభుత్వం జైళ్లలో ఖైదీలచేత తివాచీలు నేయించి చౌకగా అమ్మసాగింది. 1880లో వెలువడిన ‘ది ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథంలో జార్జ్ బర్డ్‌వుడ్ ఈ జైలు తివాచీలను తీవ్రంగా దుయ్యబట్టారు. ఇల్లు గడవవలసిన నేతగాడు, తిండి ప్రభుత్వం పెట్టే ఖైదీతో పోటీపడలేడు. చౌక రసాయన రంగులు మిగిలిన పని పూర్తి చేశాయి. 1908లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన హెన్రీ హారిస్ నివేదిక దక్షిణాది తివాచీల పరిశ్రమ స్థితిని గ్రంథస్థం చేసేనాటికే దాని వైభవం గతించింది. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ముడి వేసే ఊలు తివాచీ మాత్రం మునుపటి స్థితికి రాలేదు.

ఆఫ్ఘన్ స్త్రీ ఖైదీ కాదు. అయితే టీచరుగా, గుమాస్తాగా, నర్సుగా పనిచేసే వీలున్న రోజున ఆమె వ్యాపారితో ‘ఈ కూలి చాలదు’ అని చెప్పి లేవగలిగేది. ఇప్పుడు లేచి ఎక్కడికి వెళ్లాలన్నదే ప్రశ్న. చేతులు పెరిగేకొద్దీ కూలి పెరగడానికి ఆస్కారం తగ్గుతుందన్నది అర్థశాస్త్రం చదవనివారికి కూడా తెలిసినదే. మరోపక్క తాలిబాన్ అధికారులు నేత కేంద్రాలను చూపి మహిళలకు ఉపాధి ఉన్నదంటున్నారు.

మరి ఈ తివాచీలను కొనడం మానాలా? పలు సహాయ సంస్థలు వద్దనే అంటున్నాయి. కొనుగోలు ఆగితే ముందు ఆగేది ఆమె కూలి. కొనేటప్పుడు ఎవరు నేశారు, ఎంత ఇచ్చారు, పిల్లలచేత చేయించారా అని అడగడమే మేలన్నది వారి వాదన. ఇది సమంజసమే. భారత్‌లో తివాచీలకు బాలకార్మికులు లేరన్న ముద్ర 1994లో ‘రగ్‌మార్క్’ పేరుతో కైలాశ్ సత్యార్థి చొరవతో మొదలైంది. తరువాత ‘గుడ్‌వీవ్’ పేరుతో ఆఫ్ఘనిస్థాన్‌కు కూడా విస్తరించింది. బదోహీలో ఆ ముద్ర తెచ్చిన మార్పు అడిగే కొనుగోలుదారు ఉండడంవల్లనే సాధ్యమైంది.

ఢిల్లీకి ఆకాశమార్గం

పాకిస్థాన్‌ను తప్పించేందుకు భారత్, ఆఫ్ఘనిస్థాన్‌లు 2017 జూన్‌లో సరుకు విమానాలను ప్రారంభించాయి. తివాచీలు కూడా ఆ దారిన వచ్చాయి. 2021లో ఆ ఏర్పాటుకు విఘాతం కలిగింది. విదేశీ బ్యాంకులు ఆఫ్ఘన్ లావాదేవీలకు వెనుకాడడంతో అమ్మిన సరుకుకు డబ్బు తెప్పించుకోవడం కూడా వర్తకులకు గగనమైంది.

2025 అక్టోబరులో తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తాఖీ ఢిల్లీ వచ్చారు. 10వ తేదీన ఆఫ్ఘన్ రాయబార కార్యాలయంలో జరిగిన పత్రికా సమావేశంలో ఒక్క మహిళా విలేఖరి కూడా లేకపోవడం దుమారం రేపింది. విమర్శలు వెల్లువెత్తాక 12న మరో సమావేశం పెట్టి మహిళలను ఆహ్వానించారు. ఆయన తెరవాలని కోరిన వాణిజ్య మార్గాలలో వచ్చే తివాచీలు ఎవరు నేసినవో తెలిసినవారికి ఈ ఉదంతం చిత్రంగా తోచక మానదు. ఆ పర్యటనలోనే కాబూల్‌లోని సాంకేతిక బృందాన్ని రాయబార కార్యాలయం స్థాయికి పెంచుతున్నట్లు భారత్ ప్రకటించింది. నవంబరులో ఆఫ్ఘన్ వాణిజ్య మంత్రి వచ్చినప్పుడు కాబూల్ - ఢిల్లీ, కాబూల్ - అమృత్‌సర్ సరుకు విమానాల పునరుద్ధరణ నిర్ణయం వెలువడింది.

అదే అక్టోబరులో సరిహద్దు ఘర్షణల అనంతరం పాకిస్థాన్‌తో తోర్ఖమ్, చమన్ ద్వారాలు మూతపడ్డాయి. ఇటువంటి మూత పడిన ప్రతిసారీ జరిగే క్రమం ఒకటి ఉన్నది. లారీ ఆగుతుంది, వ్యాపారి డబ్బు సరుకులో ఇరుక్కుపోతుంది. నేసి దింపిన తివాచీకి కూలి వాయిదా పడుతుంది. కొత్త తివాచీకి ఊలు రాదు. ఆ లారీలో ఏమున్నదో, ఏ ద్వారం వద్ద ఆగినదో మగ్గం ముందు కూర్చున్నామెకు ఎవరూ చెప్పరు. ఊలు ఇంకా రాలేదని మాత్రమే ఆమెకు తెలుస్తుంది.